హౌలర్ కోతులకు ఎల్లో ఫీవర్ టీకా... అడవి కోతికి సూది ఎందుకు?

లేతాకు
బ్రెజిల్‌లో కోతులకు ఎల్లో ఫీవర్ (దోమలు మోసే వైరస్ జ్వరం) టీకా వేస్తున్నారని ఈమధ్య చదివాను. జూలో ఉన్నవాటికే కాదు, అడవిలో తిరిగేవాటికి కూడానట. అందులో హౌలర్ కోతుల పేరు పదేపదే వచ్చింది. వాటి గురించి నాకు తెలిసింది ఒక్కటే, గట్టిగా అరుస్తాయని. ఇంతకీ టీకా ఎవరి కోసం? వాటి నుంచి మనకి జబ్బు రాకుండానా, వాటినే బతికించడానికా? బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను, క్లాసులో సెమినార్ ఇవ్వాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. గూగుల్ చేసుకోమని మాత్రం అనకండి, చేశాకే ఇక్కడికి వచ్చాను.

అడవిగాచిన వెన్నెల
వాటిని బతికించడానికే. దానివల్ల మనుషులకి కూడా మేలుంది, అది తర్వాత.

ముందు ఒక సంగతి. హౌలర్ అంటే ఒకే కోతి కాదు. మెక్సికో దక్షిణం నుంచి అర్జెంటీనా ఉత్తరం దాకా రకరకాల జాతులున్నాయి. ఎల్లో ఫీవర్ వార్తల్లో వచ్చేది ఎక్కువగా బ్రౌన్ హౌలర్, అంటే అలువాట్టా గువారిబా. బ్రెజిల్ తూర్పు తీరం పొడుగునా ఉన్న అట్లాంటిక్ అడవే దాని ఇల్లు. అర్జెంటీనాలో మిసియోనెస్ రాష్ట్రంలో కొద్దిగా మిగిలాయి. అమెజాన్ అనుకునేరు, కాదు. అట్లాంటిక్ అడవి వేరే. పోర్చుగీసువాళ్లు దిగిన దగ్గర్నుంచి చెరకు, కాఫీ, పశువుల మేత, ఆ తర్వాత నగరాలు, వీటన్నిటికీ నరికేయగా ఇప్పుడు పదింట ఒకటో వంతుకి కాస్త ఎక్కువ మిగిలింది. అదీ ముక్కలు ముక్కలుగా.

అయినా ఈ కోతి తట్టుకుంది. ఆకులు తిని బతకగలదు కాబట్టి నాలుగైదు హెక్టార్ల తోపులో కూడా ఒక గుంపు సర్దుకుంటుంది. గుంపు అంటే మన ఊరి కోతుల్లా యాభై అరవై కాదు, నాలుగు నుంచి ఎనిమిది. అందుకే చాలాకాలం దీని గురించి ఎవరూ పెద్దగా బెంగపడలేదు. అడవిని నరికినా చావని కోతిని జ్వరం చంపింది. ప్రపంచంలో ఎక్కువ ప్రమాదంలో ఉన్న 25 ప్రైమేట్ల (కోతులు, వాటి చుట్టాల) జాబితా ఒకటి రెండేళ్లకోసారి వస్తుంది. 2018-20 జాబితాలో దీని పేరు చేరింది.

సిద్దిపేట రైతుబిడ్డ
గా దేశంల కోతులకు టీకాలు ఏస్తున్నరా? మంచిగుంది. మా దిక్కు మక్కసేను కంకి పట్టంగనే మంద దిగుతది, తినేది పావుల, పీకి పారేసేది బారాణ. కూరగాయలు పెట్టుడే బంద్ చేసినం. నిర్మల్ల కోతుల కేంద్రం పెట్టి ఆపరేషన్లు చేస్తున్నమన్నరు, మా ఊరికైతే ఏం తక్కువ గాలె. కోతిని కాపాడుడు అంటే మాకు నవ్వొస్తది అక్కా, ఏమనుకోకు.

అడవిగాచిన వెన్నెల
ఏమనుకోను అన్నా, మీ బాధ నిజం. కానీ మీ చేనులో దిగేది రీసస్ కోతో, బోనెట్ కోతో. అవి ఏది దొరికితే అది తింటాయి, నేల మీదే ఎక్కువ తిరుగుతాయి, మనిషి పక్కన ఉంటే ఇంకా పెరుగుతాయి. హౌలర్ చెట్టు దిగడమే అరుదు. నీళ్లు కూడా చాలావరకు ఆకుల్లోంచే తీసుకుంటుంది. చేలో పడి కంకులు విరిచే రకం కాదు. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉండేది కొండముచ్చు, అదీ ఆకులు తినే అలవాటు వరకే. చుట్టరికం దూరం. కొండముచ్చుకి తోకతో కొమ్మ పట్టుకోవడం రాదు, హౌలర్‌కి తోక అయిదో చెయ్యి.

జువాలజీ మాస్టారు
అమ్మా లేతాకూ, ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పి రిటైరయినవాణ్ణి. సెమినార్ అంటే చెయ్యి ఊరుకోదు. అరుపు దగ్గర మొదలుపెట్టు, క్లాసు మొత్తం నీవైపు తిరుగుతుంది.

గొంతులో, నాలుక మొదట్లో హయాయిడ్ అనే ఎముక ఉంటుంది. మనకి చిన్న గుర్రపు లాడంలా ఉంటుంది. హౌలర్ మగకోతిలో అదే ఎముక ఉబ్బి, లోపల డొల్లగా, గిన్నెలా తయారవుతుంది. దానికి గాలి సంచులు జత. ఖాళీ కాగులో తల పెట్టి అరిస్తే గొంతు ఎలా మారిపోతుందో అలా మారుతుంది. ఆరేడు కిలోల కోతి పులంత జంతువులా వినిపిస్తుంది. అడవిలో రెండు మూడు కిలోమీటర్లు తేలిగ్గా పోతుంది, అనుకూలిస్తే అయిదు అంటారు.

2015లో జేకబ్ డన్, ఆయన తోటివాళ్లు కలిసి వేరువేరు హౌలర్ జాతుల హయాయిడ్లు కొలిచి ఒక గమ్మత్తయిన విషయం చెప్పారు. ఏ జాతిలో ఈ ఎముక పెద్దదో ఆ జాతి మగవాటికి వృషణాలు చిన్నవి. గుంపులో ఒక్క మగకోతే ఉండే జాతులకి పెద్ద గొంతు, నాలుగైదు మగకోతులు కలిసి ఉండే జాతులకి పెద్ద వృషణాలు. రెండిటి మీదా పెట్టుబడి పెట్టేంత శక్తి శరీరం దగ్గర లేదన్నమాట. డార్విన్ బతికుంటే ఈ పేపరు చూసి మురిసిపోయేవాడు. క్లాసులో ఇది చెప్పేటప్పుడు వెనక బెంచీలో నవ్వుతారు, నవ్వనీ, గుర్తుంటుంది.

ఇక అరిచేది ఎందుకు? తగవు తప్పించుకోవడానికి. ఆకులు తిని బతికే జంతువు ఒంట్లో దూకులాటకి సత్తువ ఉండదు. పగటిపూట మూడింట రెండు వంతులు కొమ్మ మీద పడుకునే ఉంటాయి, కడుపులో పీచు పులియాలి కదా. కొండముచ్చుకి ఆ పని పొట్టలోనే జరుగుతుంది, హౌలర్‌కి వెనక పేగుల్లో. అంత బద్ధకమైన బతుకులో పక్క గుంపుతో కలబడే బదులు, మేమిక్కడున్నాం, మీరు అటు పోండి అని అరిచి చెప్పడం చవక. పక్క గుంపు ఎదురుపడ్డా అరుస్తాయి, ఉరిమినా అరుస్తాయి, విమానం పోయినా అరుస్తాయి.

వీటిని మొదట పద్ధతిగా చూసింది క్లారెన్స్ రే కార్పెంటర్ అనే అమెరికన్. 1931 చివర్లో పనామాలో బారో కొలరాడో దీవికి వెళ్లాడు. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే నీళ్లు నిండి, కొండ ఒకటి దీవిగా మిగిలింది, అదే అది. అక్కడున్నవి మాంటిల్డ్ హౌలర్లు, నువ్వు చదివినదానికి దాయాదులు. కోతుల్ని బోనులో కాకుండా వాటి చెట్ల కింద నిలబడి చూడటం అప్పటికి కొత్త. 1934లో ఆయన రాసింది ఇప్పటికీ తిరగేస్తారు.

లేతాకు
మాస్టారూ, థాంక్యూ! హయాయిడ్ బొమ్మ వేసేస్తాను. వృషణాల సంగతి మా మేడం ముందు చెప్పాలంటే కొంచెం ఆలోచించాలి :)
కానీ జ్వరం సంగతి ఇంకా అర్థం కాలేదు. ఆఫ్రికాలో కూడా ఎల్లో ఫీవర్ ఉంది, అక్కడా కోతులున్నాయి. అవి చావవా?

పశువుల డాక్టర్
మంచి ప్రశ్న. ఆఫ్రికా కోతులు చాలావరకు చావవు. ఆ వైరస్ పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్లుగా అక్కడి కోతులూ అదీ కలిసి బతికాయి. ఒంట్లో వైరస్ తిరుగుతుంది, కొన్నాళ్లకి పోతుంది. అమెరికా ఖండానికి ఇది బానిసల ఓడల్లో చేరింది, ఈడిస్ దోమలతో సహా. అంటే మూడు నాలుగు వందల ఏళ్ల పరిచయం మాత్రమే. ఆ ఖండంలోని కోతుల్లో ఒక్కోదానికి ఒక్కో తీరు. కాపుచిన్ అనే కోతులు చాలావరకు తట్టుకుంటాయి. హౌలర్ మాత్రం దోమ కుట్టిన కొద్ది రోజుల్లోనే కాలేయం దెబ్బతిని కూలిపోతుంది. చెట్టు మీంచి పడి చచ్చిన హౌలర్ దొరికితే అక్కడి ఆరోగ్యశాఖ మొదట అడిగేది కాలేయం ముక్క.

ఇందులో ఈడిస్ పాత్ర ఊళ్లలో. అడవిలో వైరస్‌ని తిప్పేవి హీమగోగస్, సబేతీస్ అనే దోమలు. చెట్ల తొర్రల్లో నిలిచిన నీళ్లలో పుడతాయి, కొమ్మల ఎత్తులో తిరుగుతాయి, పగలే కుడతాయి. హౌలర్ ఉండేది కూడా ఆ ఎత్తులోనే. ఒకసారి వైరస్ ఎక్కిన దోమ చచ్చేదాకా దాన్ని మోస్తుంది. కోతి ఒంట్లో మాత్రం అది నిలిచేది కొద్ది రోజులే. ఆ తర్వాత కోతి చస్తుంది, లేదా జన్మంతా రక్షణ వస్తుంది. కాబట్టి కోతి వైరస్‌కి గోడౌన్ అనడం సరికాదు. కోతి నుంచి మనిషికి నేరుగా అంటదు, ముట్టుకున్నా కరిచినా ఎల్లో ఫీవర్ రాదు. మధ్యలో దోమ ఉండాల్సిందే.

తూర్పుగాలి
అంతా బాగానే ఉంది గానీ, కోతిని కుట్టిన దోమే కదా మనిషిని కుట్టేది? కోతులే లేకపోతే దోమకి వైరస్ ఎక్కడ దొరుకుతుంది? ఈ జ్వరం భయంతో అక్కడి జనం కోతుల్ని చంపారని చదివాను, అది మూర్ఖత్వం అని తేల్చేయడం తేలిక. పిల్లలున్న ఇంటివాడి భయం అలాగే ఉంటుంది.

సావోపాలో శ్రీను
తూర్పుగాలి గారూ, ఆ భయం మధ్యలో నేనున్నాను, అందుకే రాస్తున్నా. ఉద్యోగం మీద సావోపాలో వచ్చి చాలా ఏళ్లయింది. 2017 అక్టోబరులో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఓర్తో ఫ్లోరెస్తాల్ పార్కులో చచ్చిన హౌలర్ ఒకటి దొరికింది. పరీక్ష చేస్తే ఎల్లో ఫీవర్. వెంటనే ఆ పార్కు, దాన్ని ఆనుకుని ఉన్న కాంటరేరా పార్కు మూసేశారు. మామూలుగా శని, ఆదివారాలు పిల్లలతో కిటకిటలాడే చోటు, గేటుకి గొలుసు. నగరం ఉత్తరం వైపు టీకాల శిబిరాలు పెట్టారు. క్యూ ఎంతంటే మా వీధి చివర్లో ఉన్న ఆరోగ్య కేంద్రం దగ్గర తెల్లవారకముందే జనం కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. తర్వాత టీకా చాలక 2018లో డోసు తగ్గించి వేశారు, 0.5 మి.లీ. బదులు 0.1.

ఇప్పుడు చెప్పండి, మా పేటలో మనిషి జబ్బు పడకముందే మాకు టీకా అందిందంటే ఎవరి వల్ల? ఆ చచ్చిన కోతి వల్ల. అది లేకపోతే మొదటి కబురు ఆసుపత్రి నుంచి వచ్చేది. 2016 చివర నుంచి 2018 దాకా బ్రెజిల్‌లో రెండు వేల మందికి పైగా జబ్బుపడి, ఏడు వందల మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది టీకా వేయించుకోని పల్లెటూరివాళ్లు, అడవి అంచున పనిచేసే మగవాళ్లు.

అయినా కోతుల్ని కొట్టి చంపారు. రాళ్లు, కర్రలు, విషం పెట్టిన పళ్లు. 2018 మొదట్లో రియోలో చచ్చి దొరికిన కోతుల్ని పరీక్షిస్తే సగానికి పైగా మనుషుల చేతిలో పోయినవే అని తేలింది, జ్వరంతో కాదు. వాటిలో చాలావాటిది హౌలర్ జాతి కూడా కాదు, ఊళ్లో తీగల మీద తిరిగే చిన్న మార్మోసెట్‌లు. నా సహోద్యోగి ఒకాయన, చదువుకున్నవాడే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కోతి కనిపిస్తే చెప్పండి సంగతి చూద్దాం అని పెట్టాడు. కింద పాతికమంది బొటనవేలు ఎత్తారు.

పశువుల డాక్టర్
తూర్పుగాలి గారి ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. కొమ్మల్లో తిరిగే దోమకి కోతి రక్తం దొరుకుతున్నంతసేపు అది పైనే ఉంటుంది. కోతులు పోతే? ఆకలేసిన దోమ కిందికి దిగుతుంది. కింద ఉండేది మనం. 2008-09లో బ్రెజిల్ దక్షిణాన రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో ఈ జ్వరం వచ్చినప్పుడు కూడా జనం కోతుల మీద పడ్డారు. పోర్తో అలెగ్రెలో పనిచేసే ప్రైమేట్ శాస్త్రవేత్త జూలియో సేజార్ బిక్కా-మార్కేస్ అప్పుడే ఈ మాట రాశారు. హౌలర్‌ని కాపాడటం ప్రజారోగ్యం పనే అని. కోతులు మన కావలి దేవతలు, వాటిని కాపాడుకుందాం అంటూ ఆయన వాళ్లు ప్రచారం కూడా నడిపారు.

మన దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపడ్డాయి, వెంటే మనుషులకి జ్వరం. ఇప్పటికీ కోతి జ్వరం అంటారు. అదీ ఎల్లో ఫీవర్ కుటుంబం వైరసే, మోసేది మాత్రం దోమ కాదు, గోమారి. అక్కడ లెక్క కొంచెం తేడా. చచ్చిన కోతి ఒంటి మీంచి గోమార్లు అక్కడే నేల మీద రాలి చుట్టూ పాకుతాయి, కాబట్టి ఆ చోటికి వెళ్లకూడదు, కళేబరాన్ని ముట్టకూడదు. 2012లో బందీపూర్‌లో చచ్చిన కోతుల్ని చేత్తో పట్టుకున్న సిబ్బందికే జ్వరం వచ్చింది. ఎక్కడైనా సరే, కోతులు వరసగా చస్తే ఫోన్ చేయాల్సింది అటవీశాఖకి, పశువైద్యుడికి. కర్ర వెతకడం కాదు.

సిద్దిపేట రైతుబిడ్డ
గిది మంచి ముచ్చట చెప్పినవ్ డాక్టర్ సాబ్. కోతి సచ్చి పడితె మావోళ్లు ఏం జేస్తరంటె, ఆంజనేయసామి అని బట్ట కప్పి, పైసలు జమజేసి, డప్పు కొట్టి బొందపెడ్తరు. అందరు దాన్ని చేతులతోటే మోస్తరు. జర జెప్పాలె వాళ్లకు.

పశువుల డాక్టర్
చెప్పండి. భక్తికి అడ్డు చెప్పనక్కర్లేదు, ఉత్త చేతులతో ముట్టొద్దని చెప్పండి. ఒకేచోట రెండు మూడు చస్తే మాత్రం ముందు ఫోన్, తర్వాతే డప్పు.

అడవిగాచిన వెన్నెల
జ్వరం ఎంత పని చేసిందో ఒక్క చోటు చెబుతాను. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో కరచింగా దగ్గర వెయ్యి హెక్టార్లు దాటని చిన్న అడవి ఉంది, ఫెలిసియానో మిగెల్ అబ్దాలా రిజర్వు. చుట్టూ కాఫీ తోటలు, పచ్చికబయళ్లు. కారెన్ స్ట్రయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980ల నుంచి అక్కడ మురికీ అనే ఇంకో కోతి మీద పనిచేస్తున్నారు. హౌలర్లు అక్కడ మామూలుగా కనిపించేవి, వందల్లో. 2017 ఆరంభంలో ఆమె వెళ్లేసరికి అరుపు లేదు. లెక్క తీస్తే పదింట ఎనిమిది తొమ్మిది పోయాయి. అదే అడవిలో, అవే దోమల మధ్య మురికీలు చాలావరకు తట్టుకున్నాయి.

ఒక్క ఆడకోతి ఆరు నెలలు మోసి ఒక్క పిల్లని కంటుంది. రెండో కాన్పుకి ఏడాదిన్నర పైనే. ఒక సీజన్లో పోయినదాన్ని పూడ్చుకోవాలంటే తరాలు కావాలి. పైగా ముక్కలైన అడవిలో పక్క తోపు నుంచి కొత్త కోతులు రావడానికి దారి ఉండదు. అందుకే టీకా మాట వచ్చింది.

ఇందులో మొదట గెలిచింది హౌలర్ కాదు, గోల్డెన్ లయన్ టామరిన్. అట్లాంటిక్ అడవిలోనే ఉండే, బంగారు రంగు జూలున్న బుల్లి కోతి. జ్వరం దెబ్బకి 3,700 నుంచి 2,500కి పడిపోయింది. మనుషులకి వేసే టీకానే మోతాదు మార్చి వందల టామరిన్లకి వేశారు. 2023 లెక్కకి మళ్లీ 4,800 దాకా చేరాయి, అందులో టీకా వాటా ఎంత, ముక్కలైన అడవిని కలిపిన వాటా ఎంత అనేది వేరే చర్చ. రియో రాష్ట్రంలో గ్వాపిమిరింలో ప్రైమేట్ కేంద్రం ఉంది, అక్కడ బోన్లలో ఉన్న హౌలర్లకి కూడా అదే టీకా వేసి చూశారు. రక్తంలో యాంటీబాడీలు వచ్చాయి.

లేతాకు
మరి అడవిలో ఉన్న హౌలర్లన్నిటికీ వేసేయొచ్చు కదా అక్కా?

అడవిగాచిన వెన్నెల
పట్టుకోవాలి కదా తల్లీ. టామరిన్‌కి బోనులో అరటిపండు పెడితే వచ్చేస్తుంది. హౌలర్ ముందు అరటిపండు పెట్టు, పైనుంచి ఒక చూపు చూసి ఆకు నములుతుంది. దాన్ని పట్టాలంటే మత్తు బాణమే. పదిహేను ఇరవై మీటర్ల ఎత్తున కొమ్మల మధ్య తొడకి గురి చూసి కొట్టాలి. తగిలాక వెంటనే పడదు, ఇంకా పైకి ఎక్కుతుంది. కింద నలుగురు వల సాగదీసి పట్టుకుని, మెడలు పైకెత్తి, అది ఎటు జరిగితే అటు పరుగెత్తాలి. ఒక్కోసారి మత్తు ఎక్కాక కూడా తోక చుట్టుకునే ఉంటుంది, కోతి తలకిందులుగా వేలాడుతుంది, చెట్టెక్కి విడిపించాలి. వలలో పడకపోతే ఎముకలు విరుగుతాయి. ఇంత చేసి ఒక్కదానికి సూది. ఆహారంలో కలిపి పెట్టే టీకా ఇంకా లేదు.

అందుకని టీకా ఇప్పుడు అక్కరకొచ్చేది ముఖ్యంగా కొత్తచోట వదలబోయే కోతులకి. రియో నగరం మధ్యలో ఉన్న తిజూకా అడవి సంగతి ఉంది, మాస్టారు రాస్తారేమో చూశాను.

జువాలజీ మాస్టారు
రాస్తా రాస్తా, మనవడు కంప్యూటర్ ఇవ్వలేదు.

తిజూకా ఇప్పుడు చూస్తే ఆదిమకాలం నాటి అరణ్యం అనిపిస్తుంది. కానీ 19వ శతాబ్దంలో అది కాఫీ తోటలకి బలైన బోడి కొండ. చెట్లు పోయేసరికి వాగులు ఎండి రియోకి తాగునీళ్లు కరువయ్యాయి. చక్రవర్తి రెండో పెద్రో కాలంలో, 1861లో, తోటలు స్వాధీనం చేసుకుని అడవి మళ్లీ నాటమని మేజర్ ఆర్చర్ అనే ఆయనకి అప్పగించారు. నాటింది మాత్రం బానిసలు, చరిత్రలో ఆర్చర్ పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. చెట్లు వచ్చాయి. జంతువులు రాలేదు, చుట్టూ నగరం కదా. పెద్ద గింజల్ని మింగి దూరంగా వేసే ప్రాణి లేకపోతే పెద్ద గింజల చెట్టు పిల్లలు తల్లి నీడలోనే మొలిచి చస్తాయి.

అందుకని రెఫౌనా అనే ప్రాజెక్టువాళ్లు 2010లో అగూటీ అనే, పందికొక్కు కన్నా పెద్దదైన ఎలుకజాతి జంతువుని, 2015లో బ్రౌన్ హౌలర్లని తెచ్చి వదిలారు. వందేళ్లకి పైగా హౌలర్ లేని అడవిలో మళ్లీ హౌలర్. వదిలినవాటిలో ఒక జంట పిల్లల్ని కన్నది. ఇంతలో జ్వరం వచ్చి కొత్తవాటిని వదలడం ఆగింది. అందుకే టీకా ముందు, వదలడం తర్వాత అన్న క్రమానికి వచ్చారు.

హౌలర్ మలవిసర్జన కూడా పాఠమేనమ్మా, మొహం చిట్లించకు. ఒకటి లేచి కొమ్మ చివరికి జరుగుతుంది, మిగతావీ లేస్తాయి, గుంపంతా ఒకేసారి కానిస్తుంది. ఆకుల మీద టపటపా చప్పుడు, కింద ఉన్నవాడు తప్పుకోకపోతే వాడి ఖర్మ. నిమిషాల్లో పేడపురుగులు వాలతాయి. ఉండలు చేసి, గింజలతో సహా మట్టిలో పూడ్చేస్తాయి. ఎలుక కంట పడకుండా, సరైన లోతులో, ఎరువుతో సహా విత్తనం. తిజూకాలో హౌలర్లు తిరిగొచ్చాక ఆ పేడపురుగులకీ పని దొరికింది.

తూర్పుగాలి
సరే, కోతిని చంపితే లాభం లేదన్నది ఒప్పుకుంటున్నా. కానీ ఖర్చు? ఒక్కో కోతికి వల, డాక్టరు, మత్తు, టీకా. అదే డబ్బుతో అడవి అంచు ఊళ్లలో మనుషులకి టీకా వేస్తే?

సావోపాలో శ్రీను
రెండూ చేస్తున్నారు గురువుగారూ. మనుషుల టీకా ఇక్కడ ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది, టీకా తయారయ్యేది కూడా రియోలోనే, ఫియోక్రూజ్ సంస్థలో. కొరత డబ్బుది కాదు, 2016 ముందు తీరప్రాంతం జనానికి ఇది మన జబ్బు కాదులే అన్న ధీమా. అమెజాన్ వైపు రోగం అనుకునేవాళ్లు.

ఇంకో మాట. హౌలర్‌కి చావు ఒక్క జ్వరంతోనే రావట్లేదు. మా సావోపాలోలోనూ, దక్షిణాన పోర్తో అలెగ్రెలోనూ కొమ్మ తెగినచోట కరెంటు తీగ ఉంటుంది. కోతికి రెండూ ఒకటే. ఒక చెయ్యి ఒక తీగ మీద, తోక ఇంకో తీగ మీద, అంతే. కిందికి దిగితే కుక్కలు, కార్లు. పోర్తో అలెగ్రెలో 1990ల నుంచి మకాకోస్ ఉర్బానోస్ అనే బృందం, యూనివర్సిటీ కుర్రాళ్లే, లామి ప్రాంతంలో రోడ్డుకి అడ్డంగా తాళ్ల నిచ్చెనలు కట్టారు. ఒక సెలవులో అక్కడికి వెళ్లినప్పుడు చూశాను. నిచ్చెన మొదట్లో పెద్ద మగకోతి, ఎర్రటి ఒళ్లు, గడ్డం. ముందు తోకతో తాడు చుట్టి లాగి చూసింది, తర్వాత చెయ్యి వేసింది. వెనక ముదురు గోధుమరంగు ఆడకోతి, వీపు మీద పిల్ల. మధ్యలో బస్సు కింది నుంచి పోతుంటే ఆగి చూసింది, పోయాక కదిలింది. స్టాపులో ఉన్న ఆంటీ తల కూడా ఎత్తలేదు, ఆమెకది రోజూ ఉండేదే.

అడవిగాచిన వెన్నెల
తూర్పుగాలి గారూ, ఖర్చు సంగతి నేనూ ఆలోచిస్తాను. నా లెక్కలో టీకా అత్యవసరానికే. తోపుల మధ్య చెట్లు నాటి దారి కలపడం, తీగలకి తొడుగు వేయడం, తాళ్ల నిచ్చెనలు, ఇవి చవకైనవి, ఎక్కువ కోతులకి పనికొస్తాయి. కానీ అర్జెంటీనా మిసియోనెస్‌లో ఉన్నట్టు కొన్ని పదులు మాత్రమే మిగిలినచోట చెట్టు పెరిగేదాకా ఆగితే ఎవరి కోసం నాటినట్టు? అక్కడ 2008లో ఎల్ పిన్యాలితో పార్కులో పరిశోధకులు రోజూ వెంబడించే గుంపులే ఈ జ్వరంతో వాళ్ల కళ్ల ముందు చచ్చిపోయాయి.

ఎండ కూడా చంపుతోంది. 2024 మేలో మెక్సికో తబాస్కోలో వడగాలికి మాంటిల్డ్ హౌలర్లు చెట్ల మీంచి రాలిపడ్డాయి, వందకి పైగా పోయాయి. ఊరివాళ్లు ఐస్ ముక్కలు, నీళ్లు తెచ్చి కొన్నిటిని బతికించారు. దానికి ఏ టీకా లేదు.

మోడరేటర్
చర్చ బాగా సాగుతోంది. మధ్యలో ఇద్దరు సభ్యులు వానర రాజకీయాల గురించి పెట్టిన పోస్టులు తీసేశాను. ఏ పార్టీ ఏ కోతో తేల్చుకోవాలంటే వేరే చర్చ తెరవండి.

జువాలజీ మాస్టారు
లేతాకూ, ఒక చివరి ముక్క. అరుపులో మొదలుపెట్టావు కాబట్టి పాట కూడా చేర్చు. బ్రెజిల్ దక్షిణాన రియో గ్రాండే దో సుల్‌లో బుజీయో అని ఒక నాట్యపు దరువు ఉంది. అక్కడివాళ్లు ఈ కోతిని పిలిచే పేరే దానికీ పెట్టారు. అకార్డియన్ తిత్తిని కుదుపుతూ హౌలర్ గురకని వాయిస్తారు. యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఒక నిమిషం కోతి, ఒక నిమిషం అకార్డియన్ వినిపించు.

లేతాకు
మాస్టారూ, వినేశాను, అకార్డియన్ మొదలవగానే మా హాస్టల్ పిల్ల లేచి ఇదేం మోటారు అంది! సెమినార్‌కి హయాయిడ్, దోమలు, కరచింగా, వల పట్టుకుని పరుగెత్తడం, తిజూకా పెట్టుకున్నాను. ఖర్చు గురించి తూర్పుగాలి గారి ప్రశ్నని ఉన్నదున్నట్టు చివర్లో క్లాసుకే వదిలేస్తాను, చూద్దాం ఏమంటారో.

వైజాగ్ వేణు
ఇన్నాళ్లూ చదువుతూ కూర్చున్నాను. ఆఫీసు పని మీద నన్ను సావోపాలో పంపుతున్నారు. ఇదంతా చదివాక భయమేస్తోంది. టీకా తప్పనిసరా?

సావోపాలో శ్రీను
వేయించుకునే రండి తమ్ముడూ. మీ కోసమూ, మన దేశం కోసమూ. ఇండియాలో ఈడిస్ దోమలున్నాయి, ఎల్లో ఫీవర్ లేదు, జనానికి టీకా లేదు, అందుకే బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఈ టీకా వేసినట్టు చూపే పసుపు రంగు కార్డు కచ్చితంగా అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే రూలు ఉంది. టీకా వేసిన పది రోజులకి గానీ కార్డు చెల్లదు, కాబట్టి టికెట్ తేదీ చూసుకుని ముందే వెళ్లండి. ఒక్క డోసు చాలు, జీవితాంతం పనికొస్తుంది. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మామూలు క్లినిక్‌లో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆరోగ్యశాఖ జాబితాలో చూసుకోండి.

కార్డు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, స్పెల్లింగుతో సహా రాయించుకోండి. మన ఇంటిపేర్లతో అక్కడ తేడా వస్తే ఎయిర్‌పోర్టులో గంట పోతుంది. దిగాక మెసేజ్ పెట్టండి, కాంటరేరాకి తీసుకెళ్తాను.